ప్రేక్షక సూత్రావళి: ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ అభిప్రాయాలకు టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ 2005 మే నెలలో విడుదలైన చారిత్రక చిత్రం. దర్శకుడు రిడ్లీ స్కాట్, రచయిత విలియం మోనహాన్. కథ 1184లో ఫ్రాన్సులోని ఒక పల్లెలో మొదలై, 1187లో జెరూసలేం నగరం సలాదిన్ వశం కావడంతో ముగింపుకు వస్తుంది. భార్యను పోగొట్టుకున్న బాలియన్ అనే కమ్మరి, తాను గాడ్‌ఫ్రీ అనే క్రూసేడు ప్రభువుకు పుట్టిన బిడ్డనని తెలుసుకుంటాడు. కోపంలో ఒక మతగురువును చంపి, ఆ పాపం కడుక్కోవడానికి పవిత్రభూమికి బయల్దేరతాడు. తండ్రి పోయాక ఇబెలిన్ జాగీరుకు వారసుడై, కుష్ఠురోగి అయిన రాజు నాలుగో బాల్డ్విన్ కొలువులో చేరతాడు. రాజు అక్క సిబిల్లా మనసు గెలుచుకుంటాడు. రాజు కన్నుమూశాక సిబిల్లా భర్త గై రాజ్యాన్నీ సైన్యాన్నీ చేజేతులా పోగొడతాడు. మిగిలిన జనంతో బాలియన్ నగరాన్ని కాచి, చివరికి వాళ్ల ప్రాణాలకు మాట తీసుకుని కోట అప్పగిస్తాడు.

సుమారు 13 కోట్ల డాలర్లు పెట్టి తీసిన ఈ చిత్రం అమెరికాలో 5 కోట్ల లోపే రాబట్టింది. ప్రపంచమంతా కలిపితే 21 కోట్లు దాటింది. వసూళ్ల లెక్క అక్కడితో తేలిపోయింది. అభిప్రాయాల లెక్క మాత్రం ఇరవై ఏళ్లుగా తేలలేదు. అవి ఏ దేశంలో ఏ భాషలో పలికినా సారం ఎనిమిది వాక్యాలకు మించదు. తక్కువ అక్షరాలు, సందేహానికి చోటివ్వని ధోరణి, నలుదిక్కులకూ వర్తించే తీరు, లోపల సారం: సూత్రానికి పెద్దలు చెప్పిన లక్షణాలివి. సినిమా హాలు మెట్లు దిగుతున్న మనిషి మాటలో మొదటి మూడూ పుట్టుకతోనే ఉంటాయి. నాలుగో లక్షణం ఉందో లేదో తేల్చడమే వ్యాఖ్యాత పని.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు కట్టడి పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్య మొదటి కట్టడిని పాటిస్తుంది. రెండోదాన్ని పాటిస్తే సినిమా అభిప్రాయాలకు వ్యాఖ్యానమే పుట్టదు.

సూత్రం 1: ‘థియేటర్లో వచ్చింది సినిమానే కాదు, డైరెక్టర్స్ కట్ చూడండి.’

ప్రతిపదార్థం: థియేటర్లో వచ్చింది = 144 నిమిషాల లఘుపాఠము; సినిమానే కాదు = సినిమాయే గానీ, పూర్తి సినిమా కాదు; డైరెక్టర్స్ కట్ = 194 నిమిషాల బృహత్పాఠము; చూడండి = మీరింకా చూడలేదని నాకు తెలుసు, నేను చూశాను.

తాత్పర్యం: నిర్మాణ సంస్థ కోరిక మేరకు కత్తిరించిన ప్రతిని చూసి తీర్పు చెప్పకూడదు, దర్శకుడు అనుకున్న ప్రతిని చూశాకే నోరు విప్పాలి.

పాఠచర్చ: ఈ చిత్రానికి రెండు పాఠాలు ప్రచారంలో ఉన్నాయి. లఘుపాఠం 2005 వేసవిలో లోకమంతా విడుదలైంది. బృహత్పాఠం అదే ఏడాది డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఒక్క థియేటర్లో ఆడి, 2006లో డీవీడీగా జనం చేతికి వచ్చింది. ప్రారంభ సంగీతం, విరామం తీసేసినా దానిలో దాదాపు 45 నిమిషాల కొత్త కథ ఉంది. ప్రాచీన కావ్యాల పరిష్కర్తలకు పొడుగు ప్రతి కనిపించగానే అనుమానం కలుగుతుంది. నడుమ ఎవరో పద్యాలు చొప్పించారని, వాటిని ప్రక్షిప్తాలుగా గుర్తించి అడుగున చేరుస్తారు. ఇక్కడ వ్యవహారం తలకిందులు. పొడుగు ప్రతే కవిహృదయం, పొట్టి ప్రతి లేఖకుడు తొందరపడి పుటలు వదిలేసింది.

వదిలేసిన పుటల్లో ముఖ్యమైనది సిబిల్లా కొడుకు కథ. లఘుపాఠంలో ఆ పిల్లవాడి ఊసే లేదు. బృహత్పాఠంలో మేనమామ చనిపోయాక అతడు అయిదో బాల్డ్విన్‌గా గద్దె ఎక్కుతాడు. ఒక పత్రం మీద ముద్ర వేసే వేళ కరిగిన లక్క వేడివేడిగా అతడి చేతి మీద పడుతుంది. పిల్లవాడు ఉలిక్కిపడడు, చెయ్యి వెనక్కి తీసుకోడు. తల్లి ముఖంలో రంగు మారుతుంది. తమ్ముడికి వచ్చిన రోగమే కొడుక్కీ వచ్చిందని ఆమెకు ఆ క్షణంలో అర్థమవుతుంది. తమ్ముడు అనుభవించింది కొడుకు అనుభవించకూడదని ఆమె అతడి చెవిలో విషం పోస్తుంది. లఘుపాఠంలో సిబిల్లా ఉత్తరార్ధమంతా జుట్టు కత్తిరించుకుని, ముఖం వాడి, ఎందుకు కుమిలిపోతోందో తెలియకుండా తిరుగుతుంది. ఆ దుఃఖానికి కారణం కోత బుట్టలో ఉంది.

శంక: దర్శకుడే ఒప్పుకుని కత్తిరించాక దాన్ని అపపాఠం అనడం న్యాయమా?

సమాధానం: న్యాయమే. ఆ ఒప్పుకోలు విడుదలకు ముందరిది. తరవాత దర్శకుడు తన మనసు ఎటు ఉందో పొడుగు ప్రతిని బయటపెట్టి చెప్పాడు. విడుదలయ్యాక రెండో రోజే నిడివి తగ్గించే అలవాటు, వారం తరవాత తీసేసిన సీన్లు కలిపే అలవాటు తెలుగు పరిశ్రమలోనూ ఉన్నవే. కాబట్టి ఈ సూత్రం తెలుగు ప్రేక్షకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇది మిగతా ఏడింటికీ పరిభాషా సూత్రం. ఏ అభిప్రాయం విన్నా, ఏ పాఠం చూసి అన్నారని ముందు అడగాలి.

సూత్రం 2: ‘హీరో తేలిపోయాడు.’

ప్రతిపదార్థం: హీరో = ఓర్లాండో బ్లూమ్ అనే నటుడు ధరించిన బాలియన్ పాత్ర; తేలిపోయాడు = సన్నివేశపు బరువు మోయలేకపోయాడు.

తాత్పర్యం: చుట్టూ లియమ్ నీసన్, జెరెమీ ఐరన్స్, బ్రెండన్ గ్లీసన్, డేవిడ్ థ్యూలిస్ వంటి ఉద్దండులను నిలబెట్టి, నడుమ కుర్రవాణ్ణి పెడితే వెలవెలపోయాడు.

విశేషాలు: ఈ అభిప్రాయానికి పూర్వజన్మ వాసన ఒకటుంది. రిడ్లీ స్కాట్ 2000లో ‘గ్లాడియేటర్’ తీశాడు. అందులో రసెల్ క్రో పగతో రగిలి, అరిచి, నరికి, ఉత్తమ నటుడిగా ఆస్కార్ పుచ్చుకున్నాడు. అదే దర్శకుడు, అదే కత్తి, అదే దుమ్ము అనుకుని టికెట్టు కొన్నవాడు మళ్లీ ఆ రౌద్రరసమే ఆశించాడు. బాలియన్ పాత్రకు దర్శకుడు పెట్టిన స్థాయీభావం శోకం. అతడు భార్యను, బిడ్డను పోగొట్టుకున్నాడు, ఒకరిని చంపాడు, దేవుడు తనతో మాట్లాడటం లేదనుకుంటాడు. అలాంటివాడు అరవడు. రౌద్రం కోసం వచ్చినవాడికి శోకం వడ్డిస్తే, వంట రుచి ఎలా ఉన్నా విస్తరి ఖాళీగానే తోస్తుంది.

శంక: శోకమైనా పలకాలి కదా? మౌనంగా నిలబడటం నటన అవుతుందా?

సమాధానం: ఈ శంకలో సగం బలం ఉంది. నటుడి ముఖంలో వయసు తెచ్చే గీతలు అప్పటికి లేవు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో లెగొలాస్‌గా, ‘పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్’లో విల్ టర్నర్‌గా చూసిన కళ్లకు అతడు సేనాపతిగా ఆనడానికి సమయం పడుతుంది. రెండో సగం మళ్లీ మొదటి సూత్రం కిందికే వస్తుంది. కమ్మరివాడికి ముట్టడి యంత్రాల లోతుపాతులు ఎలా తెలుసన్నది ప్రేక్షకులు తరచూ వేసే ప్రశ్న. అతడు అంతకుముందు యుద్ధాల్లో పనిచేశాడని, యంత్రాలు కట్టడం వచ్చినవాడని బృహత్పాఠం మొదట్లోనే చెబుతుంది. అతడు చంపిన మతగురువు స్వయానా అతడి సోదరుడని కూడా అక్కడే తెలుస్తుంది. పల్లె ప్రభువు గాడ్‌ఫ్రీకి అన్న అనీ, వారసత్వం కోసం ఆ ఇంట్లో కుట్ర నడుస్తోందనీ తెలుస్తుంది. ఇవన్నీ తీసేసి, అతడి గతాన్ని ఒక శవం, ఒక కొలిమి దగ్గరికి కుదిస్తే, ఎంతటి నటుడైనా కొంత తేలక తప్పదు. కాబట్టి దోషం నటుడికీ కత్తెరకూ సమానంగా పంచాలి.

సూత్రం 3: ‘ముఖం కనపడని రాజు సినిమాను మింగేశాడు.’

ప్రతిపదార్థం: ముఖం కనపడని రాజు = వెండి ముసుగు వెనక ఉన్న నాలుగో బాల్డ్విన్; మింగేశాడు = తాను ఉన్న కాసేపట్లో మిగతావారిని ప్రేక్షకుడి స్మృతిలోంచి తొలగించాడు.

తాత్పర్యం: కళ్లు, గొంతు, చేతి వేళ్లు మాత్రమే మిగిలిన నటుడు పూర్తి దేహాలున్న నటులందరికంటే ఎక్కువ గుర్తుండిపోయాడు.

విశేషాలు: ఆ ముసుగు వెనక ఉన్నది ఎడ్వర్డ్ నార్టన్. విడుదలైన చిత్రంలో అతడి పేరు వేయలేదు. హీరో మీద పెదవి విరిచినవారూ, చరిత్ర మీద కోపం తెచ్చుకున్నవారూ, నిడివి మీద విసుక్కున్నవారూ ఏకాభిప్రాయానికి వచ్చే చోటు ఇదొక్కటే. కెరక్ కోట ఘట్టం దీనికి ఉదాహరణ. ఒప్పందాలు మీరి బాటసారుల మీద పడ్డ కెరక్ ప్రభువు రేనాల్డ్‌ను రాజు నిలదీస్తాడు. చేతి తొడుగు తీసి, రోగంతో కరిగిపోతున్న చేతిని ముద్దుపెట్టుకోమని చాస్తాడు. రేనాల్డ్ పెట్టుకుంటాడు. వెంటనే రాజు గుర్రపు కొరడాతో అతణ్ణి కొట్టి, ఆ శ్రమకే సోలిపోతాడు. తెలుగు ప్రేక్షకుడు ఎలివేషన్ అని పిలిచేది ఇదే. వీరుడు కూలబోతున్నప్పుడు వచ్చే ఎలివేషన్ కావడం ఇందులోని విశేషం.

చరిత్ర ఈ సూత్రాన్ని చాలావరకు బలపరుస్తుంది. బాల్డ్విన్ 1161లో పుట్టాడు, 1174లో గద్దె ఎక్కాడు, 1177 నవంబరు 25న మాంట్‌గిసార్డ్ దగ్గర సలాదిన్‌ను ఓడించాడు. అప్పటికి పదహారేళ్లు. 1185లో పాతికేళ్లు నిండకుండానే పోయాడు. రోగం బయటపడిన తీరును అతడి గురువు, చరిత్రకారుడు విలియం ఆఫ్ టైర్ రాసిపెట్టాడు. తోటి పిల్లలు ఆటలో ఒకరి చేతులు ఒకరు గోళ్లతో గిచ్చుకుని కేకలు పెడుతుంటే, రాకుమారుడు మాత్రం చలించలేదు. ఓర్పు అనుకున్నారు, అడిగి చూస్తే స్పర్శే లేదు. బృహత్పాఠంలోని లక్క సన్నివేశానికి మాతృక ఇదే. మామ బాల్యాన్ని రచయిత మేనల్లుడికి ఇచ్చాడు. అసలు అయిదో బాల్డ్విన్ 1186లో చిన్నతనంలోనే చనిపోయాడు గానీ, అతడికి కుష్ఠు ఉందనడానికీ తల్లి విషం పెట్టిందనడానికీ ఆధారం లేదు.

శంక: వెండి ముసుగుకు ఆధారం ఉందా?

సమాధానం: లేదు. నాటి వృత్తాంతాల్లో రాజు ముసుగు ధరించాడన్న మాట కనిపించదు. 1183లో అదే కెరక్ కోటను విడిపించడానికి వెళ్లేసరికి అతడి చూపు దాదాపు పోయింది, చేతులూ కాళ్లూ పనిచేయడం లేదు, పల్లకీలో మోసుకెళ్లారు. సినిమా అతణ్ణి గుర్రం ఎక్కించి, ముఖానికి వెండి తొడిగింది. అందరికీ నచ్చిన రాజు ముఖం అలా కల్పనతో కప్పినదే.

సూత్రం 4: ‘ఒక్క సరే అంటే ఇంత రక్తపాతం ఉండేది కాదు.’

తాత్పర్యం: చనిపోయే ముందు రాజు బాలియన్‌కు ఒక మార్గం చూపిస్తాడు. గైకి మరణశిక్ష పడుతుంది, సిబిల్లాను బాలియన్ పెళ్లాడాలి, సైన్యం అతడి చేతికి వస్తుంది. మరొకరి చావు మీద తన పెళ్లి జరగడానికి అంతరాత్మ ఒప్పుకోదని బాలియన్ కాదంటాడు. ఫలితంగా గై రాజవుతాడు, సైన్యం నాశనమవుతుంది, నగరం పోతుంది. ఒక మనిషి మనశ్శాంతికి వేలమంది ప్రాణాలు చెల్లించారన్నది సూత్రకారుల ఫిర్యాదు.

విశేషాలు: భారతం విన్న చెవికి ఈ ఫిర్యాదు కొత్త కాదు. విచిత్రవీర్యుడు పోయాక సత్యవతి తానే అడిగినా భీష్ముడు పెళ్లికీ సింహాసనానికీ ఒప్పుకోలేదు. మాట నిలబడింది, వంశం నిలబడలేదు. అయితే భారతం ఆ కాదనడాన్ని గౌరవిస్తూనే దాని ఫలితాన్ని కురుక్షేత్రం దాకా లాక్కెళ్లి చూపిస్తుంది. ఈ సినిమాలో సిబిల్లా, రాజు కొలువులోని పెద్దమనిషి టైబీరియస్ ఒకటి రెండు మాటలతో బాలియన్‌ను హెచ్చరిస్తారు గానీ, ఓటమి తరవాత అతడి నిర్ణయాన్ని నిలదీసేవారెవరూ లేరు. ప్రేక్షకుడే ఆ పని తన మీద వేసుకోవాల్సి వచ్చింది. సూత్రానికి సారం ఉందనే చెప్పాలి.

చరిత్రలో ఈ సరే, కాదుల సందర్భం సిబిల్లాది. 1186లో కొడుకు పోయాక ఆమెకు కిరీటం పెట్టడానికి పెద్దలు ఒక షరతు పెట్టారు. గైని వదులుకోవాలి. తరవాతి భర్తను తన ఇష్టం మీద ఎంచుకునే హక్కు ఇస్తే వదులుకుంటానని ఆమె ఒప్పుకుంది. కిరీటం తల మీదికి వచ్చాక, ఆ హక్కుతో మళ్లీ గైనే ఎంచుకుంది. సినిమాలోని సిబిల్లాకు గై అంటే రోత. చరిత్రలోని సిబిల్లా రాజ్యం పోయాక కూడా అతడి పక్కనే ఉండి, 1190లో ఆకర్ ముట్టడి శిబిరంలో చనిపోయింది.

సూత్రం 5: ‘చరిత్రకూ దీనికీ సంబంధం లేదు.’

ప్రతిపదార్థం: చరిత్ర = చెప్పేవాడు చదివిన పుస్తకం; దీనికీ = చూసిన పాఠానికీ; సంబంధం లేదు = ఉంది గానీ, తన లెక్కకు సరిపోదు.

తాత్పర్యం: కథానాయకుడి పుట్టుక నుంచి ముగింపు వరకు మార్చేశారని ఆక్షేపణ.

విశేషాలు: ఆక్షేపణ నిజం. ఇబెలిన్‌కు చెందిన అసలు బాలియన్ కమ్మరి కాదు, ఫ్రాన్సు నుంచి వచ్చినవాడూ కాదు. పవిత్రభూమిలోనే ప్రభువుల ఇంట పుట్టాడు. 1177లో సిబిల్లా తండ్రి రాజు అమాల్రిక్ వితంతువు మరియా కొమ్నేనాను పెళ్లాడాడు. అంటే వరస ప్రకారం సిబిల్లాకు సవతితల్లి భర్త. ఈ వరస తెలిసినవాడికి సినిమాలోని ప్రేమకథ చూస్తుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అయితే రచయిత దాన్ని శూన్యం నుంచి తీయలేదు. సిబిల్లాకూ బాలియన్ అన్న అయిన బాల్డ్విన్‌కూ మధ్య అనురాగం ఉండేదని ఎర్నూల్ పేరు మీద ఉన్న వృత్తాంతం చెబుతుంది. అన్న కథను తమ్ముడికి అంటగట్టారు. గైని ఆలయ వీరుడిగా, అంటే టెంప్లర్‌గా చూపించడం ఇంకో పొరపాటు. ఆ వీరులు బ్రహ్మచర్య దీక్ష తీసుకున్నవారు, గై పెళ్లయినవాడు.

సూత్రకారులు సాధారణంగా ప్రస్తావించని లోపం ఒకటుంది. మార్చినదాంట్లో చాలా భాగం సినిమాకంటే అసలు చరిత్రలోనే రసవత్తరంగా ఉంది. 1187 జులై 4న హత్తీన్ దగ్గర సైన్యం తుడిచిపెట్టుకుపోయినప్పుడు బాలియన్ అక్కడే ఉన్నాడు, తప్పించుకున్నాడు. భార్యాపిల్లలు జెరూసలేంలో చిక్కుకున్నారు. వాళ్లను తెచ్చుకోవడానికి దారి ఇవ్వమని సలాదిన్‌ను అడిగాడు. ఒక్క రాత్రికంటే ఎక్కువ ఉండనని ప్రమాణం చేయించుకుని సలాదిన్ ఒప్పుకున్నాడు. బాలియన్ నగరంలో అడుగుపెట్టగానే జనం చుట్టుముట్టి వెళ్లవద్దని బతిమాలారు. చేసిన ప్రమాణం ఒకవైపు, జనం ఒకవైపు. అతడు శత్రువుకే కబురు పెట్టి తన చిక్కు విన్నవించాడు. సలాదిన్ అతణ్ణి ప్రమాణం నుంచి విడుదల చేశాడు. పైగా తాను ముట్టడించబోయే నగరం నుంచి అతడి భార్యాపిల్లలను రక్షకభటులతో ట్రిపోలీకి పంపించాడు. ఇంతకు మించిన ధర్మసంకటం ఏ రచయితా కల్పించలేడు. మరియా కొమ్నేనా పాత్రను తీసేయడంతో ఈ ఘట్టమంతా పోయింది.

ముగింపు కూడా సినిమాలో ఉన్నంత సాఫీగా జరగలేదు. తెర మీది సలాదిన్ అందరినీ ఊరికే పోనిస్తాడు. 1187 అక్టోబరులో మగవాడికి పది దీనార్లు, ఆడవారికి అయిదు చొప్పున విమోచన ధనం కట్టాల్సి వచ్చింది. కట్టలేని పేదల్లో ఏడువేల మందికి కలిపి ముప్పైవేల బెజాంట్లు చెల్లించి బాలియన్ విడిపించాడు. ఇంకా వేలమంది మిగిలిపోయారు, బానిసలయ్యారు. సలాదిన్, అతడి తమ్ముడు అల్ ఆదిల్ కొందరిని దయతో వదిలిపెట్టారు. ఒప్పందానికి ముందు బాలియన్ చేసిన బెదిరింపూ చిన్నది కాదు. మాట ఇవ్వకపోతే చేతిలో ఉన్న ముస్లిం బందీలను చంపి, పవిత్ర స్థలాలను కూల్చి, తరవాతే చస్తామన్నాడు. సినిమాలో బందీల మాట లేదు. పవిత్ర స్థలాలు కూలుస్తానన్న మాట మాత్రం ఉంది. అన్ని మతాల గుళ్లనూ, తమవాటినీ కలిపి కూల్చేస్తానన్నట్టు దాన్ని మెత్తబరిచారు.

సూత్రం 6: ‘మనవాళ్లను చెడ్డగా, వాళ్లను మంచిగా చూపించాడు.’

ప్రతిపదార్థం: మనవాళ్లు, వాళ్లు = పలికేవాడిని బట్టి మారే సర్వనామాలు.

తాత్పర్యం: దర్శకుడు పక్షపాతి.

విశేషాలు: ఈ సూత్రానికి ఉన్నన్ని అన్వయాలు మరి దేనికీ లేవు. చిత్రీకరణ దశలోనే కేంబ్రిడ్జి చరిత్రకారుడు, క్రూసేడుల పరిశోధకుడు జోనథన్ రైలీ స్మిత్ కథాంశం మీద తీవ్రంగా విరుచుకుపడ్డాడు. వాల్టర్ స్కాట్ నవల ‘ది టాలిస్‌మన్’ నాటి కాల్పనిక దృష్టి ఇందులో ఉందనీ, ముస్లింలు నాగరికులుగా, క్రూసేడర్లు మొరటువాళ్లుగా కనిపిస్తారనీ ఆయన ఆక్షేపణ. అదే సమయంలో ముస్లింలను చెడుగా చూపిస్తారేమోనన్న భయం ఇంకోవైపు నుంచి వినబడింది. ఆ రెండు పక్షాలకూ అప్పటికి సినిమా అందుబాటులో లేదు. ఇరాక్ యుద్ధం మొదలై రెండేళ్లయిన సమయంలో జెరూసలేం కథ రావడంతో, ఎవరు ఎవరిని ఎలా చూపించారన్నది సినిమా కొలతకంటే పెద్ద ప్రశ్న అయింది.

విడుదలయ్యాక బేరూత్‌లో ఈ చిత్రం చూసిన బ్రిటిష్ పాత్రికేయుడు రాబర్ట్ ఫిస్క్ ఒక దృశ్యాన్ని నమోదు చేశాడు. నగరం గెలిచిన సలాదిన్ ఒక గదిలో నడుస్తూ, నేల మీద పడి ఉన్న శిలువను చూసి, వంగి తీసి, బల్ల మీద నిలబెట్టి ముందుకు సాగుతాడు. హాల్లోని ముస్లిం ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లు మెచ్చింది తమ వీరుడి గెలుపును కాదు, పరమతం గుర్తును అతడు గౌరవించిన తీరును. సలాదిన్ పాత్ర ధరించినవాడు సిరియా నటుడు గసాన్ మసూద్.

శంక: అలా నిజంగా జరిగిందా?

సమాధానం: శిలువను బల్ల మీద పెట్టిన సంగతి ఏ వృత్తాంతంలోనూ లేదు. గెలిచిన సైన్యం శిలాగుమ్మటం (డోమ్ ఆఫ్ ది రాక్) మీదున్న బంగారు శిలువను దించి పడేసినట్టు మాత్రం ఉంది. అయితే 1099లో క్రూసేడర్లు నగరం గెలిచినప్పుడు జరిగిన ఊచకోతతో పోలిస్తే 1187లో ప్రాణాలు దక్కాయన్నది నిర్వివాదాంశం. ఆ పెద్ద సత్యాన్ని ఒక చిన్న కల్పనలో ఇమిడ్చారు. సినిమాకు పక్షం ఉన్న మాట నిజమే. అది మతాల మధ్య గీసిన గీత కాదు. ఇటు బాల్డ్విన్, టైబీరియస్, అటు సలాదిన్ ఒక జట్టు. ఇటు గై, రేనాల్డ్, అటు యుద్ధం కోసం సలాదిన్‌ను తొందరపెట్టే ముల్లా ఇంకో జట్టు. మనవాళ్లు, వాళ్లు అన్న సర్వనామాలతో వెళ్లినవాడికి ఈ జట్లు కనబడవు.

సూత్రం 7: ‘వార్ సీన్లు అదుర్స్, అసలు వార్ మాత్రం చూపించలేదు.’

తాత్పర్యం: ముట్టడి బాగా తీశారు, హత్తీన్ యుద్ధాన్ని ఎగరగొట్టారు.

విశేషాలు: మొరాకోలోని వార్జాజాట్‌లో వేసిన జెరూసలేం సెట్టు మీద ముట్టడి చిత్రీకరించారు. నగరం బయట దూరాలు కొలిచి తెల్లసున్నం పూసిన రాళ్లు, వాటి లెక్కతో విసిరే యంత్రాలు, తాళ్లు విసిరి కూలదోసిన ముట్టడి గోపురాలు, గోడ పగిలిన చోట రెండు సేనలు కదలడానికి చోటు లేకుండా ఇరుక్కోవడాన్ని పై నుంచి చూపిన షాటు: ఇవి అందరూ మెచ్చినవి. అసలు ముట్టడిలోనూ గోడకు బీటలు పడ్డాయి, కాకపోతే కూల్చింది అడుగున తవ్విన సొరంగాలు.

హత్తీన్ విషయంలో ఫిర్యాదు గట్టిది. రాజ్యం పోయింది అక్కడే. సైన్యం నీటివసతి ఉన్న సెఫోరిస్ వదిలి, వేసవి ఎండలో నీరు లేని దారిన, శత్రువు ముట్టడిలో ఉన్న టైబీరియస్ పట్టణం వైపు కదిలింది. వెళ్లవద్దని చెప్పినవాడు ట్రిపోలీ ప్రభువు రేమండ్. ముట్టడిలో చిక్కుకున్నది అతడి భార్యే అయినా వద్దనే అన్నాడు. సినిమాలో జెరెమీ ఐరన్స్ వేసిన టైబీరియస్ పాత్రకు మూలం అతడే. తెర మీద సైన్యం దాహంతో కాళ్లీడుస్తూ నడుస్తుంది. తరవాతి దృశ్యంలో శవాలు, రాబందులు. యుద్ధం రెండు దృశ్యాల మధ్య సందులో జరిగిపోయింది. ఓటమికి కారణం కత్తులు కావు, దాహం. నడక చూపించాక నరకడం చూపించనక్కర్లేదని దర్శకుడి లెక్క. ఈ లెక్క కథకు సరిపోతుంది, టికెట్టుకు సరిపోదు.

సూత్రం 8: ‘మ్యూజిక్ వేరే లెవెల్.’

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: సంగీతం హ్యారీ గ్రెగ్సన్ విలియమ్స్‌ది. అయితే సూత్రకారులు ఒళ్లు గగుర్పొడిచిందని చెప్పే చోట్లలో కొన్ని అరువు స్వరాలు. రాజు బాల్డ్విన్ అంత్యఘట్టంలో వినిపించే గానం ప్యాట్రిక్ కాసిడీ 2001 నాటి ‘హానిబల్’ కోసం కట్టింది. జెర్రీ గోల్డ్‌స్మిత్ ‘ది థర్టీన్త్ వారియర్’ కోసం చేసిన ఒక బాణీనీ తెచ్చి వాడారు. పూర్వకవుల పదాలు తీసుకోవడం కావ్యలోకంలో దోషం కాదు, ఎక్కడ పొదిగారన్నదే ప్రశ్న. ఇక్కడ చక్కగా పొదిగారు. మెచ్చుకోలు మాత్రం ఒక్కరి ఖాతాలోనే పడుతోంది.

సమష్టి తాత్పర్యం

ఎనిమిది సూత్రాలనూ ఒకచోట అన్వయిస్తే వాటి ఉమ్మడి విషయం తేలుతుంది. ఈ సినిమా మీద అభిప్రాయాల్లో ఎక్కువ భాగం తెర మీద లేనివాటి గురించే. కత్తిరించిన నిమిషాలు, చెప్పని గతం, కనపడని ముఖం, అనని సరే, తీసేసిన భార్య, సందులో జరిగిన యుద్ధం: మెచ్చినవాడూ నిందించినవాడూ వీటి దగ్గరే ఆగారు. ముఖం దాచడం ఒక్కటే దర్శకుడికి లాభించింది. ఎందుకంటే దాచిన సంగతి ప్రేక్షకుడికి తెలుసు. మిగతావి దాచిన సంగతే తెలియక, లోటు నటుడిదనో కథదనో అనుకున్నారు.

అధికార నిర్ణయం: ఏ శాస్త్రానికైనా దాన్ని చదవడానికి ఎవరు అర్హులో చివరనో మొదటనో చెప్పడం ఆచారం. రెండు, నాలుగు, ఏడు సూత్రాలు పలకడానికి 194 నిమిషాల పాఠం చూసినవారే అధికారులు. అయిదో సూత్రానికి దానితోపాటు 1187 నాటి ఒప్పందం వివరాలు కూడా తెలిసి ఉండాలి. ఆరో సూత్రం పలికేవారు ‘మనవాళ్లు’ ఎవరో ముందు విడమరచాలి. మూడో సూత్రానికీ ఎనిమిదో సూత్రానికీ ఏ పాఠం చూసినా చాలు.